వెల, విలువ: అమెరికా డాలరు నాణెముల కథ
(ఉపన్యాస పాఠము)



కుమారుడో కుమార్తెయో అమెరికాలో నున్న తెలుగు కుటుంబములు నేడు అరుదు కావు. వారు సెలవులకు వచ్చునప్పుడు పెట్టెలో చాక్లెట్లతో పాటు జేబులో మిగిలిన నాలుగైదు నాణెములు కూడ వచ్చుచుండును. వానిలో పసుపు వన్నె గల డాలరు నాణె మొకటి ఉండుట కద్దు. పిల్లలు దానిని చూచి ముచ్చటపడుదురు. అది చేతులు మారి మారి తుదకు దేవుని మందసములోనో, బీరువా సొరుగులోనో చేరును. అటుపిమ్మట ఇంటింట వినవచ్చు ప్రశ్న యొక్కటే: "దీని వెల ఎంత?"

ప్రశ్న సామాన్యమైనదే. కాని సరియైన సమాధానము తెలియకపోవుట వలన రెండు విధముల నష్టము కలుగుచున్నది. కొందరు తమ నాణెము లక్షలు చేయునని నమ్మి మోసగాండ్ర వలలో చిక్కి చేతి సొమ్ము పోగొట్టుకొనుచున్నారు. మరికొందరు నిజముగా దాచదగిన నాణెమును ఏమియు కాదని తలచి చెడగొట్టుచున్నారు. వెల వేరు, విలువ వేరు. ఈ రెంటి భేదమును డాలరు నాణెము చక్కగా బోధించును.

డాలరు అను పేరు పుట్టినది అమెరికాలో కాదు. ఒక గనుల పట్టణములో. మధ్య ఐరోపాలోని బొహీమియా కొండలలో యోఆఖిమ్‌స్టాల్ అను లోయ కలదు. ఇప్పుడది చెక్ దేశములో యాఖిమోవ్ అను పేర నున్నది. 16వ శతాబ్ది ఆరంభమున అచ్చట వెండి గనులు బయల్పడినవి. 1520 ప్రాంతమున ఆ వెండితో పెద్ద నాణెములు ముద్రింపగా, ఊరి పేరునుబట్టి జనులు వానిని 'యోఆఖిమ్‌స్టాలర్' అనిరి. అంత పొడవైన పేరు నోటికి బరువై 'టాలర్' అయ్యెను. అదియే ఇరుగుపొరుగు భాషలలో మారి, తుదకు ఆంగ్లమున 'డాలర్' గా స్థిరపడెను. జర్మను భాషలో 'టాల్' అనగా లోయ. కావున డాలరు అను మాటకు 'లోయది' అనియే అర్థము. లోకమెల్ల లెక్కపెట్టు ద్రవ్యమునకు పేరిచ్చినది ఒక గనికార్మికుల ఊరు. ఇనుపరాతి కొండల నీడలో బ్రతుకుచున్న బచేలి వాసులకు ఈ కథ పరాయిది కాదు.

అమెరికా ప్రభుత్వము 1792 ఏప్రిల్ 2 వ తేదీ శాసనముతో తన టంకసాలను నెలకొల్పి, డాలరును మూలద్రవ్యముగా స్వీకరించెను. తొలి వెండి డాలర్లు 1794 అక్టోబరు 15 న వెలువడినవి. అవి 1,758 మాత్రమే. వానిలో ఒకటి 2013 లో వేలమునకు వచ్చి కోటి డాలర్లకు పైగా పలికినది. ఈ వార్త విన్నవారికి 'డాలరు నాణెమనగా ధనరాశి' అను భ్రమ కలుగుట సహజము. కాని ఆ ధర డాలరునకు కాదు; ఆ సంవత్సరమునకు, ఆ అరుదుతనమునకు, చెక్కుచెదరని ఆ స్థితికి.

వెండి డాలర్ల చరిత్రలో భారతదేశమునకు సంబంధించిన ఘట్ట మొకటి కలదు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున, 1918 లో, ఇచ్చట వెండికి కరవు వచ్చెను. కాగితపు నోట్లు పట్టుకొనిన జనులు వెండి రూపాయలనే కోరసాగిరి. ప్రభుత్వపు ఖజానాలో వెండి అడుగంటుచుండెను. నోట్లపై నమ్మకము సడలినచో యుద్ధకాలమున ఏమి జరుగునో యని బ్రిటిషు ప్రభుత్వము అమెరికా సహాయమర్థించెను. 1918 ఏప్రిలులో అమెరికా ప్రతినిధి సభలు పిట్‌మన్ చట్టమును చేసినవి. ఆ చట్టము క్రింద 27 కోట్లకు పైగా వెండి డాలర్లు కరగిపోయినవి. అందులో అధికభాగము భారతదేశపు అవసరము కొరకే బ్రిటనునకు అమ్మబడినది. ఆ వెండి ఇచ్చటి టంకసాలలలో రూపాయలుగా మారెను. తాతలనాటి వెండి రూపాయలలో కొన్ని పూర్వజన్మమున డాలర్లే అనవచ్చును!

ఈ ఘట్టము సేకర్తలకు నేర్పు పాఠ మొకటి కలదు. ఏ సంవత్సరపు డాలర్లు ఎన్ని కరగినవో ఎవ్వరును లెక్క వ్రాసి యుంచలేదు. అందుచేత ముద్రించిన సంఖ్య యొకటి, మిగిలిన సంఖ్య మరియొకటి అయినది. నాణెపు అరుదుతనము టంకసాల లెక్కలో లేదు. నేటికి మిగిలిన లెక్కలో నున్నది.

ఇక నేటి కుటుంబముల చేతికి వచ్చునవి వెండి డాలర్లు కావు, 1971 తరువాతివి. అవి ముఖ్యముగా నాలుగు తెగలు.

మొదటిది ఐసెన్‌హోవర్ డాలరు. ఇది 1971 మొదలు 1978 వరకు వెలువడినది. వ్యాసము 38 మిల్లీమీటర్లు. చేతిలో బరువుగా తోచును. బొమ్మవైపున అధ్యక్షుని తల, బొరుసువైపున చంద్రునిపై దిగుచున్న గ్రద్ద కలవు. 1969 నాటి అపోలో 11 యాత్రకు అది చిహ్నము. దేశ స్వాతంత్ర్య ద్విశతాబ్ది సందర్భమున వేసిన వానిపై 1776-1976 అని రెండు సంవత్సరములు కలిసి యుండును. 1975 అని వేసిన డాలరు లేనే లేదు.

రెండవది సూసన్ బి. ఆంథొనీ డాలరు. స్త్రీల ఓటు హక్కునకై పోరాడిన ఆ మహిళ బొమ్మతో ఇది 1979 మొదలు 1981 వరకును, మరల 1999 లోను వచ్చినది. ఒక్క 1979 లోనే 75 కోట్లకు పైగా ముద్రించిరి. కాని దాని వ్యాసము 26.5 మిల్లీమీటర్లు, పావుడాలరు వ్యాసము 24.3. రంగు కూడ ఒకటియే. చిల్లర ఇచ్చునప్పుడు డాలరును పావుడాలరుగా పొరబడి జనులు విసిగిరి; నాణెము సంచులలోనే నిలిచిపోయెను.

మూడవది 2000 సంవత్సరములో వచ్చిన సకాగవియా డాలరు. సకాగవియా షోషోనీ తెగకు చెందిన ఆదివాసి యువతి. 1804 నుండి 1806 వరకు జరిగిన లూయిస్, క్లార్కుల సాహసయాత్రలో పసిబిడ్డను వీపున కట్టుకొని నడచి, ఆ బృందమునకు తోడ్పడినది. నాణెముపై ఆమె వీపున బిడ్డ కూడ కనిపించును. ఆమె చిత్రపటము ఒక్కటియు లేదు. శిల్పి గ్లెన్నా గూడెకర్ అదే తెగకు చెందిన ఒక విద్యార్థినిని ఎదుట నిలుపుకొని ఆ రూపమును మలచినది. బిడ్డను వీపున కట్టుకొని సంతకు నడచు తల్లులను చూచు బస్తరు వాసులకు ఆ బొమ్మ చిరపరిచితమువలె తోచును. 2009 నుండి దీని బొరుసుపై ఆదివాసుల చరిత్రకు సంబంధించిన చిత్రములు ఏటేట మారుచున్నవి.

నాలుగవది 2007 లో మొదలైన అధ్యక్షుల డాలరు. 2015 వరకు ఏటికి నలుగురు చొప్పునను, 2016 లో ముగ్గురును దివంగతులైన అధ్యక్షుల బొమ్మలు వెలువడినవి. 2020 లో జార్జి హెచ్.డబ్ల్యు. బుష్ బొమ్మ వచ్చినది. వీనిలో సంవత్సరము, టంకసాల గుర్తు అంచుమీద చెక్కబడి యుండును. వీనికి తోడు 2018 నుండి ఒక్కొక రాష్ట్రపు నూతన ఆవిష్కరణను చూపు డాలర్లు కూడ వచ్చుచున్నవి.

పసుపు వన్నెను చూచి ఇది బంగారమని భ్రమపడరాదు. 2000 తరువాతి డాలరు బరువు 8.1 గ్రాములు. అందులో నూటికి 88.5 పాళ్లు రాగి, 6 పాళ్లు తుత్తునాగము, 3.5 పాళ్లు మాంగనీసు, 2 పాళ్లు నికెలు. బంగారము రవ్వంతయు లేదు. దానిని కరగించిన వచ్చు లోహపు వెల డాలరులో స్వల్పభాగము మాత్రమే.

ఇన్ని విధముల నాణెములు వేసినను అమెరికా జనులు వానిని వాడుకకు తెచ్చుకొనలేదు. కాగితపు డాలరు చలామణిలో నుండగా బరువైన నాణెమును జేబులో మోయుట కెవ్వరును ఇష్టపడలేదు. బ్యాంకులకు పంపినవి మరల ఖజానాకే తిరిగి వచ్చుచుండెను. 2011 డిసెంబరులో, వాడుక కొరకు డాలరు నాణెములు ముద్రించుట నిలిపివేయుదుమని ప్రభుత్వము ప్రకటించెను. అప్పటికి 140 కోట్ల నాణెములు ఖజానాలలో మిగులుగా పడియుండెను. అప్పటి నుండి డాలరు నాణెములు సేకర్తల కొరకే తయారగుచున్నవి.

ఇచ్చట జిజ్ఞాసువులు ఒక్క నిమిషము ఆలోచింపవలెను. ఒక్క 2000 సంవత్సరములోనే సకాగవియా డాలర్లు 128 కోట్లకు పైగా ముద్రింపబడినవి. కోట్ల కొలది ఉన్న వస్తువునకు అరుదు ఎక్కడిది? కావున చేతులు మారి అరిగిన సామాన్య డాలరు నాణెము వెల ఒక్క డాలరు. అంతకు మించి ఎవ్వరును ఇయ్యరు. భారతదేశములో నోట్లు మార్చువారు సాధారణముగా విదేశ నాణెములను పుచ్చుకొనరు గనుక, ఆ ఒక్క డాలరు కూడ అమెరికా వెళ్లువారి చేతి కిచ్చిననే దక్కును. విదేశ నాణెములను ఎన్నింటినైనను దగ్గర ఉంచుకొనుటకు మాత్రము 2015 నాటి విదేశమారక నిబంధనలు అనుమతించుచున్నవి. ఆ విషయమున భయపడ నక్కరలేదు.

నాణెమునకు మూడు వెలలు. మొదటిది ముఖవిలువ, ముద్రపై వ్రాసినది. రెండవది లోహవిలువ, కరగించిన వచ్చునది. మూడవది సేకర్త ఇచ్చు వెల. ఈ మూడవదానిని నిర్ణయించునవి కూడ మూడు: ఎన్ని మిగిలినవి, ఎట్టి స్థితిలో నున్నవి, ఎందరు కోరుచున్నారు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను వెల పడిపోవును.

కొన్ని ఉదాహరణములు చూతురు గాక. ఐసెన్‌హోవర్ డాలర్లలో సామాన్యమైనది రాగి, నికెలులతో చేసినది, బరువు 22.68 గ్రాములు. సేకర్తల కొరకు శాన్ ఫ్రాన్సిస్కో టంకసాల నూటికి 40 పాళ్లు వెండితో చేసినది మరియొకటి, బరువు 24.59 గ్రాములు. చూపునకు రెండును ఒకటే. కంసాలి తక్కెడ నిజము చెప్పును. అంచున రాగిరంగు చార స్పష్టముగా కనబడినచో అది సామాన్యమైనదే.

రెండవ ఉదాహరణము వింతయైనది. 2000 లో ఒక అటుకుల వంటి ఉపాహారపు కంపెనీ తన డబ్బాలలో 5,500 సకాగవియా డాలర్లను ఉంచి అమ్మెను. వానిలో గ్రద్ద తోక ఈకలు మిగిలినవానికంటె స్పష్టముగా చెక్కబడి యుండెను. 2005 వరకు ఆ భేద మెవ్వరికిని తెలియనే లేదు. తెలిసిన పిమ్మట ఒక్కొకటి వేల డాలర్లు పలికెను. తోక ఈకలను పరిశీలించి చూచిన కన్ను ఆ వెలను పుట్టించినది. అంతకుముందు ఎందరో వానిని డాలరు క్రింద ఖర్చుచేసి యుందురు.

మూడవది 2007 నాటి జార్జి వాషింగ్టన్ డాలరు. అంచుపై అక్షరములు చెక్కుటకు వేరే యంత్ర ముండెను. కొన్ని నాణెములు ఆ యంత్రమును దాటి అంచు నున్నగా నుండగనే బయటికి వచ్చినవి. వానికి కొన్ని పదుల డాలర్ల వెల పలుకును. కాని అంచును ఆకురాతితో అరగదీసి అక్షరములు లేనట్లు చేసిన దొంగనాణెములు కూడ ఉండవచ్చును. అట్టివి బరువు తగ్గియుండును. టంకసాలలో జరిగిన పొరబాటునకే వెల గలదు. బయట సుత్తిదెబ్బ తగిలి వంగినదానికి, గీతలు పడినదానికి, నిప్పులో నల్లబడినదానికి వెల లేదు. ఈ భేదము తెలియకపోవుటయే పెక్కుమంది ఆశాభంగమునకు కారణము.

స్థితినిబట్టి వెల ఎంత మారునో చెప్పుటకు అమెరికాలో 1 నుండి 70 వరకు మార్కుల పద్ధతి కలదు. 1949 లో విలియం షెల్డన్ దీనిని కల్పించెను. 1986, 1987 సంవత్సరములలో ఏర్పడిన రెండు సంస్థలు నాణెములను పరీక్షించి, మార్కు వేసి, ముద్ర గల పెట్టెలలో భద్రపరచి యిచ్చుచున్నవి. అయితే పరీక్షకు రుసుము గలదు. ఒక డాలరు నాణెమునకు అనేక డాలర్ల రుసుము చెల్లించుట వ్యర్థము. అచ్చు పుస్తకములలోని ధరలు కూడ వర్తకుడు అమ్ము ధరలే గాని కొను ధరలు కావు. వేలములో నిజముగా చెల్లిన ధరయే నమ్మదగినది.

ఇక ఇంటిలోని జాగ్రత్తలు. తెలుగు ఇండ్లలో రాగి చెంబును, ఇత్తడి కుందిని చింతపండుతో తోముట అలవాటు. ఆ అలవాటుతోనే నాణెమును కూడ తోమి మెరయించి సంతోషించువారు కలరు. సేకర్త దృష్టిలో తోమిన నాణెము గాయపడిన నాణెము. పులుసు పైపొరను తినివేయును. దాని సహజమైన మెరుపు ఎన్నటికిని తిరిగి రాదు. నాణెమును బొమ్మపై వ్రేలు పెట్టి పట్టరాదు, అంచులను పట్టవలెను. మెత్తని జిగురు ప్లాస్టిక్కు సంచులలో దాచరాదు. కాలక్రమమున పచ్చని మరక పుట్టును. బైలదిల్లా కొండలలో వానకాలము తేమ అధికము గనుక పొడి కాగితపు కవరులో, గాలి చొరని డబ్బాలో, తేమను పీల్చు సిలికా పొట్లముతో ఉంచుట మేలు.

మోసముల మాట ఇప్పుడు వివరముగా చెప్పవలసియున్నది. "ఫలానా నాణెమునకు పది లక్షలిత్తుము, ముందుగా రిజిస్ట్రేషను రుసుము, పన్ను చెల్లింపుడు" అను ప్రకటనలు ఫోనులలో నిత్యము తిరుగుచున్నవి. రిజర్వు బ్యాంకు పేరును, చిహ్నమును కూడ కొందరు దొంగిలించి వాడుకొనిరి. 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరించుచు, తాను పాత నాణెముల క్రయవిక్రయములు జరుపననియు, అట్టి వ్యవహారములకు రుసుము కోరననియు, తన పేర రుసుము వసూలు చేయు అధికారము నెవ్వరికిని ఈయలేదనియు ప్రకటించెను. గుర్తుంచుకొనదగిన సూత్ర మొకటియే: కొనువాడు సొమ్ము ఇచ్చును, అమ్మువానిని ముందుగా సొమ్మడుగువాడు కొనువాడు కాడు. పదవీ విరమణ ధనమును కూడబెట్టుకొనిన ఉద్యోగులు ఈ సూత్రమును ఇంటిల్లిపాదికి చెప్పియుంచుట అవసరము.

అయినచో నాణెములు సేకరించుట ఎందులకు? వెల లేనిచో విలువ ఎక్కడిది? ఈ ప్రశ్నకు సమాధానము బస్తరు మట్టిలోనే దొరకినది.

1939 లో కొండగావ్ ప్రాంతమున ఎడెంగా అను గ్రామములో 32 బంగారు నాణెములు బయల్పడినవి. అవి సుమారు 5, 6 శతాబ్దులలో ఈ ప్రాంతము నేలిన నలవంశపు రాజులవి. పలుచని బంగారు రేకుపై ఒకే వైపున ఉబ్బెత్తుగా పరుండిన వృషభము, దానిపై చంద్రవంక, క్రింద పెట్టె తలకట్టు లిపిలో రాజు పేరు కలవు. ప్రసిద్ధ చరిత్రకారుడు వాసుదేవ విష్ణు మిరాశీ వానిని చదివి ప్రకటించెను. 29 నాణెములు వరాహరాజువి, రెండు అర్థపతివి, ఒకటి భవదత్తునిది. అర్థపతి, భవదత్తులు తామ్రశాసనముల వలన కూడ తెలియవచ్చిరి. వరాహరాజు మాత్రము నాణెముల వలననే చరిత్ర కెక్కెను. ఆ నాణెములు దొరకని యెడల అట్టి రాజొకడు ఉండెనని లోకమునకు తెలియకపోయెడిది.

బైలదిల్లా అను మాటకే ఎద్దు మూపు అని అర్థము. ఆ కొండలకు దవ్వుగాని చోట, మూపు గల వృషభమును ముద్రగా ధరించిన నాణెములు పదునాలుగు శతాబ్దులకు పైగా మట్టిలో వేచియుండెను. వానిని కనుగొనినవారు ఒక్కొకటిగా కంసాలి కొలిమిలో వేసియుండిన యెడల కొన్ని తులముల బంగారము మిగిలియుండును; ఒక రాజు పేరు మాసిపోయియుండును. వెలకు, విలువకు గల భేద మిదియే. 32 కలిసి దొరకినవని, ఫలానా ఊర దొరకినవని వ్రాసియుంచుట వలననే అవి మాటాడగలిగినవి.

అందుచేతనే ఈ విషయమున చట్టములు కూడ ఉన్నవి. 1878 నాటి నిధినిక్షేపముల చట్టము ప్రకారము, భూమిలో దొరకిన పది రూపాయలకు మించిన విలువ గల నిధిని కలెక్టరునకు తెలుపవలెను. 1972 నాటి పురావస్తువుల చట్టము ప్రకారము, నూరేండ్లు నిండిన నాణెమును వ్యక్తులు దేశము దాటింపరాదు. పునాది త్రవ్వునప్పుడో, పెరడు దున్నునప్పుడో కుండ బయల్పడినచో దానిని అట్లే ఉంచి అధికారులకు తెలుపుట పౌరధర్మము.

పిల్లలకు ఈ అభిరుచి కలిగింప గోరు తల్లిదండ్రులు డాలర్లకై ఎదురుచూడ నక్కరలేదు. చేతిలోని రూపాయనే మొదలు పెట్టవచ్చును. సంవత్సరపు అంకె క్రింద నక్షత్ర మున్నచో అది హైదరాబాదు టంకసాలది, వజ్రాకృతి ముంబయిది, చుక్క నోయిడాది, ఏ గుర్తు లేనిది కలకత్తాది. 2004 నుండి వచ్చిన రూపాయలలో నూటికి 83 పాళ్లు ఇనుము, 17 పాళ్లు క్రోమియము. గనులలో పనిచేయు తండ్రి "ఈ రూపాయలో నూటికి 83 పాళ్లు మేము త్రవ్వు లోహమే" అని బిడ్డకు చూపవచ్చును. హైదరాబాదు వెళ్లినప్పుడు సైఫాబాదులో 2022 లో తెరచిన టంకసాల ప్రదర్శనశాలను చూపినచో, 1903 నాటి ఆ కట్టడములో నిజాముల కాలము నుండి నాణె మెట్లు పుట్టుచుండెనో పిల్లలకు బోధపడును.

దీనికి కావలసిన సామగ్రి స్వల్పము: కాగితపు కవరులు, భూతద్దము, చిన్న తక్కెడ, ఒక నోటుపుస్తకము. పుస్తకములో నాలుగు విషయములు వ్రాయవలెను: నాణెము ఏది, ఎప్పుడు చేతికి వచ్చినది, ఎక్కడ నుండి, ఎవరి వలన. "అన్నయ్య డెన్వరు నుండి తెచ్చినది, తొలి జీతములో మిగిలిన చిల్లర" అని వ్రాసియున్న సకాగవియా డాలరునకు బజారులో వెల ఒక్క డాలరే. కాని ఆ యింట యాబది ఏండ్ల పిమ్మట దాని విలువను కట్టగల వర్తకు డుండడు. ఆ నాలుగు మాటలు లేనిచో అది వట్టి లోహపు బిళ్ల.

వెలను బజారు నిర్ణయించును. విలువను మాత్రము నాణెమును చూచు కన్నులు, తెలిసినదానిని వ్రాసియుంచు చేయి నిర్ణయించును. సొరుగులోని పసుపు నాణెమును బయటికి తీసి, అంచును త్రిప్పి చూచి, సంవత్సరము, టంకసాల గుర్తు చదివి, పుస్తకములో ఒక్క పంక్తి వ్రాసిన యింట ఈ ఉపన్యాసపు ప్రయోజనము నెరవేరినట్లే.